రెండు వేళ్ళ అంచు

నర్సీపట్నంలో కృష్ణదేవిపేట రోడ్డు మొదట్లో, షేర్ ఆటోలు ఆగే చోటికి ఎదురుగా ఒక పాత మేడ ఉండేది. కింద లోవలక్ష్మిగారి కాపురం. పైన ఒకే ఒక్క గది. ఆ గది మంచిది కాదని ఊళ్ళో ఎవర్నీ అడగక్కర్లేదు. వాళ్ళే పిలిచి మరీ చెప్పేవారు.

దేవుణ్ణి నమ్ముకున్నవాళ్ళం, మనకి దెయ్యాలతో పనేంటి అంటారా? నేనూ అదే అంటాను... పగటిపూట. కానీ ఇది కరుణకుమారి తన నోటితో చెప్పగా విన్నది. బైబిలు వాక్యం చదివిన నోటితో ఆ పిల్ల అబద్ధం ఆడదు. అందుకని వెనకాల కూర్చున్నవాళ్ళు కాస్త ముందుకి జరగండి. ఇది గొంతెత్తి చెప్పే కథ కాదు.

ఆ గదిలో ఒకప్పుడు కొండబాబు అనే దర్జీ ఉండేవాడు. పిల్లల బట్టలకి పెట్టింది పేరు. నిక్కరు కుట్టినా గౌను కుట్టినా లోపలి మడతలో రెండు వేళ్ళ గుడ్డ ఎక్కువ వదిలేవాడు. దానికి టేపు పెట్టేవాడు కాదు. చూపుడు వేలూ నడిమి వేలూ పక్కపక్కన ఆన్చి, అక్కడ కత్తెర వేసేవాడు. "పిల్లలు ఎదుగుతారు కదమ్మా. వచ్చే ఏడాది మడత విప్పుకుందురుగాని" అనేవాడు.

ఒక సాయంత్రం బడిపిల్లల యూనిఫారాల గుడ్డ బల్ల మీద పరిచి, సగం కోసి... అలాగే బల్ల మీదికి ఒరిగిపోయాడు. చేతి వేళ్ళలోంచి కత్తెర ఊడదీయడానికి మనుషులు నానా తంటాలూ పడ్డారట.

ఆ తర్వాత మొదలైంది.

రాత్రి పొద్దుపోయాక పైనుంచి — కర్ర్ర్... ఒక్క ఊపులో గుడ్డ కోసిన చప్పుడు. కాసేపు ఏమీ ఉండదు. ఇక ఆగిందిలే అనుకుని కళ్ళు మూసుకుంటే... మళ్ళీ కర్ర్ర్...

అద్దెకి దిగినవాళ్ళు దిగినట్టే సామాను సర్దుకున్నారు. లోవలక్ష్మిగారికి అలవాటైపోయింది. "ఆడి పని ఆడు సేసుకుంటన్నాడు, మన జోలికి రాడు" అనేవారు గానీ, దీపాలు పెట్టాక ఆవిడ మాత్రం మెట్లెక్కేవారు కాదు.

అలాంటి గది కరుణకుమారి అద్దెకి తీసుకుంది.

కరుణకుమారి మన సంఘం పిల్లే. ఐటీఐలో నక్షాలు గీయడం నేర్చుకుంది. కొన్నాళ్ళు విశాఖపట్నంలో ఒక ఇంజనీరు దగ్గర పనిచేసి, తిరిగొచ్చి, ఒక పాత ప్లాటరు కొనుక్కుంది. ప్లాటరంటే ఇళ్ళ నక్షాలూ వంతెనల నక్షాలూ గీసే పెద్ద ప్రింటరు. మంచమంత పొడుగుంటుంది. బట్టల తాను లాగా కాగితం చుట్ట తగిలిస్తే, బొమ్మ తర్వాత బొమ్మ వేసుకుంటూ పోతుంది. ఊళ్ళో సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. అలాంటి మిషను చుట్టుపక్కల ఇంకోటి లేదు.

పాస్టరుగారు ప్రార్థన చేసి గది తెరిచారు. కరుణ మేనమామ షాలేమ్‌రాజు నాలుగు గోడలకీ చేతులు ఆన్చి, "ఇక్కడ ఏటైనా ఉంటే నా ముందుకి రమ్మను! సూసుకుందాం!" అని ఛాతీ విరిచాడు. మిట్టమధ్యాహ్నం లెండి అప్పుడు.

నెలలు గడిచాయి. చప్పుడూ లేదు, గిప్పుడూ లేదు. కరుణ ఆ సంగతే మర్చిపోయింది.

ఇప్పుడు శాలిని గురించి చెప్పాలి. లేకపోతే ఆ రాత్రి ఆ పిల్ల గుండె ఎందుకలా కొట్టుకుందో మీకు అర్థం కాదు.

శాలిని కరుణ చెల్లెలు. రోలుగుంట అవతల గెడ్డ దాటితే వచ్చే ఊరికి ఇచ్చారు. ఆ గెడ్డ మీద వంతెన లేదు. ముందటేడు వానల్లో శాలినికి నొప్పులొచ్చాయి. గెడ్డ పొంగి ఉంది. మంచం మీద పడుకోబెట్టి, పీకల్లోతు నీళ్ళలో మోసుకొచ్చారు. తల్లి దక్కింది. బిడ్డ దక్కలేదు.

అప్పట్నుంచి శాలిని అక్క ఇంట్లోనే ఉంది. మొగుడు మంచివాడు. ప్రతి ఆదివారం వచ్చి, గుమ్మం దగ్గర కూర్చుని వెళ్ళేవాడు. ఆమె ఒకటే మాట అనేది — "ఆ గెడ్డ మీద వంతెన వేసిన రోజున కాపరానికి వస్తాను. లేకపోతే నన్ను పిలవకండి."

చివరికి ఆ వంతెనకి కదలిక వచ్చింది. నక్షాలు గీసిన ప్రైవేటు ఇంజనీరు మన్మథరావుగారు. నక్షాల కట్ట మర్నాడు పొద్దున్నే విశాఖపట్నం ఆఫీసులో పెట్టాలి. తప్పితే ఇక వచ్చే ఏడాదే. అది ప్రింటు చేసే పని కరుణ మీద పడింది. ఊరికే పడలేదు, తనే అడిగి తీసుకుంది.

ఆరోజు పొద్దున్నే మిషను సరిచూసుకుంది. బొమ్మ అయిపోగానే కాగితాన్ని అడ్డంగా కోసే కట్టరు ఒకటుంటుంది ఆ మిషనుకి. దాని బ్లేడు అరిగిపోయింది. ఎలక కొరికినట్టు కొరుకుతోంది. అందుకని సెట్టింగుల్లోకి వెళ్ళి, కట్టరు ఆపేసింది. రెండు బొమ్మలు వేసి చూసింది. విడివిడిగా కాకుండా, చీరలా ఒకే పొడుగున వచ్చాయి. బొమ్మకీ బొమ్మకీ నడుమ కాస్త తెల్ల కాగితం ఉంది. సరిగ్గా మధ్యకి కోస్తే అటు వేలెడు వెడల్పు, ఇటు వేలెడు వెడల్పు. సరే, చేత్తో కోసుకోవచ్చు అనుకుంది. మధ్యాహ్నం బజారుకెళ్ళి పెద్ద కత్తెర ఒకటి కొనుక్కొచ్చింది.

పొద్దుగూకాక మన్మథరావుగారి మనిషి సీడీ తెచ్చి ఇచ్చి వెళ్ళాడు. షాలేమ్‌రాజు తోడొచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"ఒక్కోటీ వేస్తే తెల్లారిపోద్ది గదమ్మా?"

"ఒక్కోటీ కాదు మావయ్యా. అన్నీ వరసలో పెట్టేస్తాను. సెట్టింగులు ఒక్కసారి ఇస్తే చాలు, అదే వేసుకుంటూ పోతుంది."

కాగితం సైజు పెట్టింది. అడ్డంగా తిప్పింది. గీతల మందం సరిచేసింది. కొలత మారకుండా స్కేలు బిగించింది. ఒకటికి రెండుసార్లు చూసుకుంది. ఇలాంటి పనిలో ఒక ప్రమాదముంది. ఒక్క కాగితం వేసినప్పుడు తప్పు చేస్తే ఆ ఒక్కటే పోతుంది. వరసలో పెట్టాక ఒక్క సెట్టింగు తప్పితే... కట్ట మొత్తం తప్పే. పైగా మిషనుకున్నది ఆఖరి కాగితం చుట్ట.

కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసింది. మీట నొక్కింది.

మిషను కదల్లేదు.

కాగితం లేదు, పెట్టండి — అని ఇంగ్లీషులో అక్షరాలు మినుకు మినుకుమంటున్నాయి. కళ్ళ ముందు కాగితం ఉంది! తీసి మళ్ళీ పెట్టింది. లేదు అంది. ఇంకోసారి పెట్టింది. లేదు.

"పొద్దున్న పనిచేసింది మావయ్యా..."

"వేడెక్కిందేమో. కొంచెం ఊరుకో."

అంతలో కరెంటు పోయింది. ఇన్వర్టరు మీద కంప్యూటరూ మిషనూ వెలుగుతున్నాయి గానీ ఫ్యాను ఆగిపోయింది. ఒళ్ళంతా చెమట. విశాఖపట్నంలో మెకానిక్‌కి ఫోన్ చేద్దామంటే ఆ గదిలో సిగ్నలు అందదు. సంచి భుజానికి తగిలించుకుంది. మిషన్ని అలాగే వదిలి, లైటు స్విచ్చి మాత్రం ఆపి, తలుపుకి తాళం వేసి, ఇద్దరూ కిందికి దిగారు.

లోవలక్ష్మిగారు కిరోసిన్ దీపం పక్కన కూర్చుని ఉన్నారు. కరుణ మొహం చూసి, "ఏటమ్మా, అలాగున్నావు? కూకో, టీ ఎడతాను" అన్నారు.

మెకానిక్ ఫోన్ ఎత్తలేదు. ఇటునుంచి ఫోన్ పెట్టేసరికి అటునుంచి మోగింది. మన్మథరావుగారు.

"ఏమ్మా కరుణగారూ, అవుతున్నాయా? తెల్లారగట్ల జీపు వేసుకొస్తాను. ఆఁ... అన్నట్టు, ఎడం పక్క అంచు వదిలారు కదా? కట్ట కుట్టడానికి చోటు లేకపోతే ఆఫీసులో మొహం మీదే కొడతారు. రెండు వేళ్ళయినా ఉండాలి."

కరుణ ఫోన్ చెవికి ఇంకా గట్టిగా ఆన్చుకుంది.

కుట్టే అంచు. అన్ని సెట్టింగులూ పెట్టింది. అది... పెట్టలేదు.

"అమ్మా? వినపడతందా?"

"వినపడుతోందండీ." అబద్ధం ఆడలేదు. నిజమూ చెప్పలేకపోయింది. "చూసి చెప్తానండీ."

పోనీలే, మిషను ఇంకా మొదలెట్టలేదు కదా. పైకెళ్ళి వరస రద్దుచేసి, సెట్టింగు మార్చి, మళ్ళీ పెట్టుకోవచ్చు. లేచింది.

అప్పుడే కరెంటు వచ్చింది.

"హమ్మయ్య" అంది.

ఆ మాట ఇంకా నోట్లోనే ఉంది. పైనుంచి... సన్నగా, ఏదో జారుతున్నట్టు... జ్యీ... జ్యీ...

తర్వాత —

కర్ర్ర్...

లోవలక్ష్మిగారి చేతిలో గ్లాసు కింద పడింది.

"అయ్యబాబోయ్... కొండబాబు" అన్నారు గుసగుసగా. "ఇన్నాళ్ళకి మళ్ళీ వొచ్చీసినాడు."

"ఊరుకోండి పిన్నీ."

"అది కత్తెర సప్పుడే. ఆడి కత్తెరే. నాను ఎరగనా?"

మళ్ళీ... కర్ర్ర్...

షాలేమ్‌రాజు కుర్చీలో గట్టిగా అతుక్కుపోయాడు. "తాళం వేశావు కదమ్మా?"

కరుణ పిడికిలి విప్పి చూపించింది. తాళంచెవి అందులోనే ఉంది. ఆ గదికి ఇంకో దారి లేదు.

భయం వేయలేదా అని నేనే అడిగాను. వేసిందట. కానీ దెయ్యంకంటే ముందు ఆమె కళ్ళకి గెడ్డ కనపడిందట... నీళ్ళ మీద ఊగుతున్న మంచం కనపడిందట. పైన ఎవరు కోస్తున్నారో ఏమో, ఆ కోస్తున్నది మాత్రం నా ఆఖరి కాగితం — అనిపించిందట.

మెట్ల వైపు నడిచింది.

"నువ్వు ముందు నడు తల్లీ" అన్నాడు షాలేమ్‌రాజు. "నేను వెనక నించి ప్రార్థన సేస్తుంటాను."

"గోడలకి చేతులు పెట్టి రమ్మన్నావు కదా మావయ్యా!"

"రమ్మన్నాను. రాత్రిపూట రమ్మన్లేదు."

లోవలక్ష్మిగారు కూడా కొంగు నోట్లో కుక్కుకుని వెనకే వచ్చారు. కింద ఒంటరిగా ఉండడంకంటే అదే నయమనిపించిందేమో.

మెట్లు చీకటి. పైకి వెళ్తున్నకొద్దీ చప్పుడు దగ్గరవుతోంది. జ్యీ... జ్యీ... ఆగింది. ముగ్గురూ ఆగారు.

కర్ర్ర్...

చిన్నగా, కాగితం మీద కాగితం వాలిన చప్పుడు.

తలుపు సందులోంచి చూసింది కరుణ. లోపల చీకటి. దూరంగా ఆకుపచ్చ వెలుగు ఒకటి. దాని ముందునుంచి ఏదో కదిలింది. ఆ వెలుగు ఒక్క క్షణం మూసుకుని... మళ్ళీ తెరుచుకుంది.

"కరుణమ్మా, వద్దమ్మా, పోదామమ్మా" అంటూ లోవలక్ష్మిగారు జాకెట్టు పట్టుకు లాగారు.

కరుణ పెదవులు కదులుతున్నాయి. చిన్నప్పుడు సండేస్కూల్లో నేర్చుకున్న కీర్తన. తాళంచెవి రంధ్రంలో పెట్టింది. తిప్పింది.

లోపల — కర్ర్ర్... ఆఖరిసారి.

నిశ్శబ్దం.

తలుపు తోసి, చెయ్యి చాచి లైటు వేసింది.

గదిలో ఎవరూ లేరు.

పైన ఫ్యాను గిర్రున తిరుగుతోంది. మిషను పని ముగించుకుని బుద్ధిగా కూర్చుని ఉంది. దాని కింద వేలాడే గుడ్డ జోలెలో, ఒకదాని మీద ఒకటి, వంతెన నక్షాలు!

ముందుగా నవ్వినవాడు షాలేమ్‌రాజు. "మిషనే! మిషనమ్మా! నేను సెప్పలేదూ?" చెప్పలేదు. ఎవరూ ఆ మాట అనలేదు.

"కానీ ఇందాక ఎందుకు వేయలేదు? ఇప్పుడెందుకు వేసింది?" అంటూ కరుణ వంగి చూసింది. కాగితం దూరే చోట ఒక చిన్న నల్లటి అద్దం ఉంటుంది, అది మిషనుకి కన్ను. కాగితం ఉందో లేదో దానితోనే చూసుకుంటుంది. ఆ అద్దం చుట్టూ పసుపు మరక. కింద నేల మీద, ఎండి ఊడిపడిన పెచ్చు ఒకటి. పసుపు మీద ఎర్రటి కుంకుమ.

కరుణ నెమ్మదిగా లోవలక్ష్మిగారి వైపు తిరిగింది.

ఆవిడ తల దించుకున్నారు. "దసరాకి నాను ఊళ్ళో లేను గదమ్మా. అందరూ బళ్ళకీ మిషన్లకీ బొట్లు ఎట్టుకుంటే, నీ మిషను బోసి మొహంతో ఉండిపోనాది. మద్దేన్నం నువ్వు తలుపు దగ్గరేసి బజారుకెళ్ళినప్పుడు ఎట్టీసినాను. మీవోళ్ళకి ఇష్టం ఉండదేమోనని సెప్పలేదు."

"అక్కడే ఎందుకు పెట్టారు పిన్నీ?"

"నడిమధ్యన నుదురులాగ కనపడ్డాది."

షాలేమ్‌రాజు నేల మీద కూలబడి నవ్వాడు. కరుణకి నవ్వుతో పాటు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. మిషను కంటి మీద బొట్టు! అది అంటుకుని ఉన్నంతసేపూ కాగితం కనపడలేదు. కరెంటొచ్చి, ఫ్యాను తిరిగి, ఎండిన బొట్టు ఊడిపడేసరికి కన్ను తెరిచింది. వరసలో పెట్టిన పని వరసగా చేసేసింది. అంతే! దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు. ఆవిణ్ణి కావలించుకుంది.

అంతలోనే నవ్వు ఆగిపోయింది. అంచు!

జోలెలోంచి పై కాగితం తీసింది. కుడి పక్క చూసింది. బొమ్మ చివరి గీత పక్కనుంచే కోత పడింది, ఇంచుమించు తాకుతూ. ఎడం పక్క చూసింది...

తెల్లగా, నిటారుగా, అంచు ఉంది.

రెండోది తీసింది. ఉంది. ఇంకోటి. ఉంది. కట్ట మొత్తం ఎడం పక్క ఒకే అంచు, కొలిచి వదిలినట్టు.

"దేవా, నీకు స్తోత్రం" అని అక్కడే మోకరించింది. ఇంకేమీ ఆలోచించలేదు. మీరైనా ఆలోచించరు.

తెల్లారగట్ల మన్మథరావుగారు జీపు వేసుకొచ్చారు. అంచు మీద బొటనవేలు రాసి చూసి, "ఇంత శుభ్రంగా కోసిన కాగితం నేను విశాఖపట్నంలో కూడా చూళ్ళేదమ్మా" అన్నారు. ఆఫీసులో కట్ట కుట్టి తీసుకున్నారు. వంతెన మంజూరైంది.

ఇక్కడితో ఆపేస్తే ఇది సంఘంలో సాక్ష్యం చెప్పుకునే కథ. హాయిగా నిద్రపోవచ్చు. కానీ కరుణకుమారి నాకు చెప్పడం ఇక్కడితో ఆపలేదు.

నక్షాలు వెళ్ళిన మర్నాడు రోలుగుంట నుంచి ఒక రైతు ఇంటి నక్షాలు పట్టుకొచ్చాడు. కొత్త చుట్ట వచ్చింది, తగిలించింది. ఏ సెట్టింగూ ముట్టుకోలేదు. మీట నొక్కింది. మిషను జ్యీ... జ్యీ... అంటూ వేసింది. మొదటి బొమ్మ అయింది. కరుణ చెయ్యి చాచి నిలబడింది.

కాగితం తెగలేదు.

రెండో బొమ్మ వచ్చింది. మూడోది వచ్చింది. చీరలా, ఒకే పొడుగున, నేల మీదికి జారుతోంది.

కరుణ చెయ్యి చాచినట్టే ఉండిపోయింది.

కట్టరు ఆపేసింది. ఆపేసింది తనే, ఆ పొద్దున్న. ఆ రాత్రి హడావిడిలో ఎవరికీ తట్టలేదు. సెట్టింగు తెరిచి చూసింది. ఆపి ఉంది. కాసేపటికి ధైర్యం చేసి, కట్టరు మళ్ళీ పనిచేసేలా పెట్టి ఒక కాగితం కోయించి చూసింది. ఎలక కొరికినట్టు కొరికింది. అదీ సరిగ్గా మధ్యకి — అటు వేలెడు, ఇటు వేలెడు.

కుడి పక్కంతా గీత దాకా తెచ్చి, మిగిలిన తెలుపంతా ఎడం పక్కకి వదిలేస్తే కుట్టడానికి చోటొస్తుందని మిషనుకి తెలీదు. ఆ రాత్రి కరుణకే తట్టలేదు. అది కుట్టేవాడికి తట్టే ఆలోచన.

షాలేమ్‌రాజుని పిలిపించింది. ఆ రాత్రి వచ్చినవాటిలో, సరిచూసుకోడానికి తన దగ్గర ఉంచుకున్న అదనపు నక్షా కాగితం ఒకటి బల్ల మీద పరిచింది. ఎడం అంచు మీద తన చూపుడు వేలూ నడిమి వేలూ ఆన్చింది. పక్కన ఇంకా కొంచెం తెలుపు మిగిలింది.

"నీ వేళ్ళు పెట్టు మావయ్యా."

"ఎందుకమ్మా?"

"పెట్టు."

పెట్టాడు. అటు గీత, ఇటు కోత. మధ్యలో మగవాడి రెండు వేళ్ళు. వెంట్రుకంత చోటు కూడా మిగల్లేదు.

షాలేమ్‌రాజు పెళ్ళి ప్యాంటు కుట్టింది కొండబాబే. ఇప్పటికీ పెట్టెలో ఉంది, మడత విప్పకుండా. ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. నోరు మూసుకుని ఉండగా ఆయన్ని కరుణ అంతకుముందెప్పుడూ చూడలేదట.

వంతెన పూర్తయింది. శాలిని కాపరానికి వెళ్ళింది. మరుసటి వానాకాలం ఆసుపత్రికి జీపులో, గెడ్డ మీదుగా వచ్చింది. తల్లీ బిడ్డా ఇద్దరూ క్షేమం. ఆ చెయ్యి ఎవరిదో నాకు తెలీదు. ఎవరి చేతినైనా వాడుకునేవాడు పైనున్నాడు — నేను నమ్మేది అంతవరకే.

కానీ ఆరోజు ఆ గదిలో షాలేమ్‌రాజు గుసగుసగా ఒక్క మాటే అడిగాడట.

"అమ్మా... మొన్న నువ్వు కొన్న కత్తెర... ఆ రాత్రి ఎక్కడుంది?"

"నా సంచిలో, మావయ్యా. మనతోనే కిందికొచ్చింది... ఇదిగో. చుట్టిన కాగితం ఇంకా విప్పనేలేదు."